మా రోజుల్లో యాటకు ఊరుండేది

ఆదివారం పొద్దున హైదరాబాదులో ఏ మటన్ కొట్టు ముందు నిలబడ్డా మూడు ప్రశ్నలే వినపడతాయి. లేతదేనా? కొవ్వు తీసేశావా? ఇంకెంతసేపు? ఫోనులో తెప్పించుకునేవాళ్ళకు ఆ మూడూ అక్కర్లేదు. ముక్కల సైజు ఎంచుకుని డబ్బు కట్టేస్తే డబ్బా గుమ్మంలోకి వస్తుంది. ఆ జీవం ఎక్కడిది, ఎవరి మందలోది, ఏం మేసింది, ఎన్ని నెలలది అని అడిగిన మనిషిని నేను చూసి చాలా కాలమైంది. వంకాయ కొంటే తొడిమ చూస్తాం, పుచ్చు చూస్తాం. బియ్యం ఎన్ని నెలల పాతవో అడుగుతాం. మామిడిపండైతే ఏ వైపు తోటదో తెలుసుకుంటాం. కిలో ఎనిమిది వందలు దాటిన మాంసాన్ని మాత్రం ఏమీ తెలియకుండా కొంటున్నాం. నా బాధంతా దాని గురించే.

మాది పాత మెదక్ జిల్లా. మేం కురుమలం కాము గానీ, కురుమ ఇండ్లతో మాకు మామా, బావా అని వరసలుండేవి. దసరా ఇంకా వారం ఉందనగానే వాడకట్టు పెద్దలు మంద దగ్గరికి పోయేవాళ్ళు. పదీ పన్నెండు ఇండ్లు కలిసి ఒక యాటను మాట్లాడుకునేవి. కురుమ మామ మంద నడుమ నిలబడి ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఇది ఫలానా గొర్రె రెండో ఈత పిల్ల, తల్లి పాలు బాగా తాగింది. ఇది మొన్నటి ముసురుకు నలత పడ్డది, ఇప్పుడే ముట్టుకోవద్దు. దీన్ని విత్తనానికి ఉంచుకున్న, ఎంతిచ్చినా ఇయ్య. మా పెదనాయన వంగి నడుము మీద చెయ్యి వేసి వెన్నుబొక్క పక్కన కండ ఎంత పట్టిందో చూసేవాడు. తోక మొదట్లో వేళ్ళతో ఒత్తి చూసేవాడు. ఆఖరికి కింది పెదవి విప్పి పళ్ళు చూసేవాడు. గొర్రెకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు, కిందిదవడలో ఎనిమిదుంటాయి. వాటిలో నడిమి రెండు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చాయంటే దాని వయసు ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య ఉందన్నమాట. రెండు పండ్ల పొట్టేలు అనేవాళ్ళు దాన్ని. కోతకు అదే అదును. అంతకు ముందు కోస్తే జీవానికి అన్యాయం, ఇంకా ఆలస్యమైతే పంటికి కష్టం.

పండుగనాడు తెల్లవారుజామునే వేపచెట్టు కింద యాట తెగేది. నెత్తురును గిన్నెలో పట్టి నల్ల వండేవాళ్ళు. పేగులను వాగునీళ్ళలో తిరగేసి కడిగితే బోటి అయ్యేది. తలకాయ, కాళ్ళు ఎవరి వంతు, తోలు ఎవరిది అనే లెక్క ముందే తెగి ఉండేది. మిగిలిన మాంసాన్ని మోదుగాకుల మీద పోగులు వేసేవాళ్ళు. ఆ పోగులు వేసే మనిషి చేతిని చూడాలి. ప్రతి పోగులోనూ ఇంత మెత్తని కండ, ఇంత పక్కబొక్క, ఇంత కార్జం, ఇంత కొవ్వు సమంగా పడేవి. మూలుగబొక్క వచ్చిన పోగు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఎముక లేని పోగు కావాలని ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగి ఉంటే ఆ ఎముకలన్నీ పక్కింటివాళ్ళ పోగులోకి పోయేవి, అంతేకదా. కొంతమంది డబ్బిచ్చేవాళ్ళు, కొంతమంది కోతలయ్యాక వడ్లు కొలిచేవాళ్ళు. యాట ఇచ్చిన కురుమ మామకు తన యాట ఏ ఇంటి పొయ్యి మీద ఉడుకుతోందో తెలుసు. మాకు దాన్ని కాసిన చేతులు తెలుసు.

ఇదంతా తినడం గురించి. అసలు సంగతేమిటంటే, మా రోజుల్లో గొర్రె ఇచ్చేవాటిలో మాంసం ఆఖరిది. అంతకు ముందు అది చాలా ఇచ్చేది.

మొదటిది పెంట. వానకాలం పంట ఇంటికి చేరి చెలకలు ఖాళీ కాగానే రైతులు మందల కోసం పోటీ పడేవాళ్ళు. సాయంత్రం చెలకలో వల కట్టి గొర్రెలను ఆపేవాళ్ళు. రాత్రంతా అవి అక్కడే పడుకుని పెంటికలు వేసి, మూత్రం పోసి, పొద్దున డెక్కలతో తొక్కి మట్టిలో కలిపి లేచిపోయేవి. మర్నాడు వల పక్కకు జరిగేది. ఇలా చెలకంతా తిరిగేది. దీన్ని మంద పెట్టించుకోవడం అంటాం. మంద పెట్టినందుకు కాపరికి జొన్నలో వడ్లో కొలవాలి, రాత్రికి అన్నం పెట్టాలి. మా బాపు ఆ గింజలు కొలిచేటప్పుడు ఎప్పుడూ చెయ్యి బిగించలేదు, ఎందుకంటే మరుసటి ఏడు పంటలో అది కళ్ళకు కనిపించేది. వ్యవసాయ పుస్తకాలు కూడా ఇదే చెబుతాయి: మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే, గొర్రెల ఎరువులో మూడు శాతం దాకా ఉంటుంది. భాస్వరం, పొటాషు అదనం. బస్తా మోయక్కర్లేదు, బండి కట్టక్కర్లేదు, ఎరువే కాళ్ళతో నడిచొచ్చేది. ఇప్పుడు యూరియా కోసం చెప్పుల వరసలు పెట్టి ఎదురుచూసే రైతులను టీవీలో చూస్తుంటే నాకు ఆ వలలే గుర్తుకొస్తాయి.

రెండోది ఉన్ని. మావైపువి దక్కని గొర్రెలు, నల్లవి, ముతక ఉన్నివి. ఎండకు, నడకకు, కరువుకు తట్టుకునే జాతి. నెల్లూరు గొర్రెలు వేరు, అవి పొడుగ్గా, పొట్టి వెంట్రుకతో, దూరం నుంచి చూస్తే మేకల్లా ఉంటాయి. దేశంలోని గొర్రెల జాతుల్లో ఎత్తైనది అదే. తెల్లగా ఉంటే పల్ల అని, తెల్లటి ఒంటికి మొహం మీద నల్లమచ్చలుంటే జొడిపి అని, ఎర్రగోధుమ రంగుదైతే దోర అని అంటారు. మాంసానికి అవి గొప్పవే. కానీ గొంగడి ఇచ్చేది మాత్రం దక్కనియే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఉన్నిని ఏకి, ఆడవాళ్ళు వడికి, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి తయారుచేసేవాళ్ళు. వానకు గొడుగు, చలికి దుప్పటి, నేల మీద పరుపు, తల మీద మూటకు చుట్ట, పెండ్లిలో పీట మీద పరుపు, అన్నీ ఆ గొంగడే. మల్లన్నకు, బీరప్పకు ఒగ్గుకథ చెప్పే ఒగ్గు పూజారి భుజం మీదా అదే. ఒక గొంగడి కొంటే దశాబ్దాలు వచ్చేది.

ఈ రెండు రాబడులూ ఉన్నందువల్ల కాపరికి గొర్రెను తొందరగా కోతకు అమ్ముకోవాల్సిన అగత్యం ఉండేది కాదు. అది బతికి ఉండి, తిరుగుతూ ఉండి, మేస్తూ ఉంటేనే లాభం. నిలకడైన గొర్రెల పెంపకమని ఇప్పుడు సెమినార్లలో చెబుతున్నదానికి మావైపు పునాది ఇదే. గొర్రె చెలకలో మొక్కజొన్న తినలేదు, మనం తినలేని మోళ్ళు, గరిక, రాలిన తుమ్మకాయలు, జమ్మి ఆకు, రేగుకంప తిన్నది. మనిషి నోటి ముద్దకు పోటీ రాలేదు. తిన్నది తిన్నచోటే ఎరువుగా తిరిగిచ్చింది.

ఇప్పుడేమైంది?

నీళ్ళొచ్చాయి. రాకూడదని నేనెలా అంటాను? నీళ్ళ కోసం ఏడ్చిన ఊళ్ళే మావి. కానీ నీళ్ళతో పాటు యాసంగి వరి కూడా వచ్చింది, కార్తీకం నుంచి వేసవి దాకా ఖాళీగా ఉండే నేల మాయమైంది. మందకు దొరికే నాలుగైదు నెలల మేత దానితోనే పోయింది. కోత మిషను పోయిన తర్వాత మిగిలిన కొయ్యలకు నిప్పు పెడుతున్నారు. మంద తినాల్సింది పొగగా పోతోంది. గెట్ల మీద గరిక మొలవకుండా గడ్డిమందు కొడుతున్నారు. ఆ మందు తాకిన గట్టు మీదికి కాపరి తన జీవాలను తోలలేడు. పత్తి వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. 2006లో వరంగల్ జిల్లాలో పత్తిచేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. బీటీ పత్తి వల్ల కాదని అధికారులు అన్నారు. ఏది నిజమైనా, పత్తి ఏరిన చేను ఆ తర్వాత కాపరికి నమ్మకమైన మేత కాకుండా పోయింది.

ఇక గైరాన్లు, శికం భూములు, గుట్టల కింది బీళ్ళు. ఊరుమ్మడి మేత భూమి అంటే ఎవరిదీ కాని భూమి అనుకోవడం మొదలైన రోజునే గొర్రెకు చావు రాసిపెట్టారు. కొంత పట్టాలుగా పోయింది, కొంత వెంచర్ల రాళ్ళ కిందికి పోయింది. 2015లో హరితహారం వచ్చాక మిగిలిన బీళ్ళలో గుంతలు తవ్వి మొక్కలు పెట్టి, చుట్టూ కంచెలు కట్టారు. చెట్లు నాటడం మంచి పనే, నేనూ నాటాను. కానీ తరతరాలుగా జీవాలు మేసిన బీడును ఖాళీ జాగా అనుకుని నాటారు. మొక్కలు మేశాయని కాపరులకు జరిమానాలు వేసిన వార్తలు పేపర్లలో చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మేత పోతే కాపరి ఎక్కడికి పోతాడు? మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గల్ఫ్ పోయారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల నుంచి ఎడారికి పోయిన మన పిల్లల్లో కొందరికి దొరికిన పనేమిటో తెలుసా? పరాయి దేశంలో పరాయివాళ్ళ గొర్రెలనూ ఒంటెలనూ కాయడం. నీడ లేని ఇసుకలో, మాట్లాడే మనిషి లేకుండా. తాత ముత్తాతల నుంచి వచ్చిన విద్య ఇక్కడ తిండి పెట్టలేక అక్కడికి తోలింది. గొర్రెల గురించి ఎవరు మాట్లాడినా నేను ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఒక యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ఖరీదు 1,25,000 రూపాయలు. అందులో లబ్ధిదారు కట్టేది 31,250. మిగతాది సర్కారుది. 2019 పశుగణన వచ్చేసరికి తెలంగాణ 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండోది. దేశంలో ఉన్న 7.43 కోట్ల గొర్రెల్లో సగానికి దగ్గరగా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. సంతోషించాల్సిన లెక్క. కానీ ఆ గొర్రెలు చాలావరకు పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. కొన్ని మన ఎండకు, మన మేతకు ఆగలేదు. కొన్నిటిని అమ్మినవాళ్ళే మళ్ళీ కొని మళ్ళీ అమ్మారు. కాగ్ నివేదిక లోపాలు ఎత్తిచూపింది. 2024లో ఏసీబీ కేసులు పెట్టి అరెస్టులు కూడా చేసింది. దొంగతనం సంగతి కోర్టులు చూసుకుంటాయి. నా ఫిర్యాదు వేరే. ఇంటింటికీ గొర్రెలిచ్చారు సరే, వాటికి ఒక్క ఎకరం మేతభూమి ఇచ్చారా? ఉన్నదాన్నయినా కాపాడారా? ఇరవై ఒక్క జీవాలను తెచ్చి దొడ్డిలో కట్టుకున్న మనిషి మొదటి వేసవిలోనే వాటిని అమ్ముకోక ఏం చేస్తాడు?

పైగా జాతి కలగాపులగమైంది. మాంసం ధర చూసి దక్కని మందల్లోకి నెల్లూరు పొట్టేళ్ళను దించారు. బరువు పెరిగింది, ఉన్ని పోయింది. ఉన్ని పోతే పోయింది, కొనేవాడే లేడు కదా అంటున్నారు. నిజమే. కత్తిరించిన ఉన్నిని చెత్తకుప్పలో పారేస్తున్నారు, కత్తిరింపు కూలి కూడా రావడం లేదని. ఉన్నితో పాటు కరువుకు ఆగే శక్తి, పదిహేను మైళ్ళు నడిచే కాళ్ళు కూడా పోతున్నాయన్నది ఎవరికీ పట్టడం లేదు. హైదరాబాదులో కొందరు కుర్రాళ్ళు దక్కని ఉన్నితో బూట్లు తయారుచేసి అమ్ముతున్నారని విని ప్రాణం లేచొచ్చింది. అలాంటివాళ్ళు పదిమంది కాదు, వందమంది రావాలి.

ఇక తినేవాళ్ళ దగ్గరికి వస్తాను. నా కోపంలో పెద్ద వాటా వాళ్ళదే.

2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులం. ఇంతమంది తినేచోట తినేవాళ్ళ ఇష్టమే పెంపకాన్ని నడుపుతుంది. ఆ ఇష్టం ఇప్పుడు ఒక్క మాటకు కుదించుకుపోయింది: లేత. ఎంత లేతదైతే అంత గొప్ప. కుక్కర్లో రెండు విజిల్స్‌కు ఉడకాలి. దాంతో మూడు నాలుగు నెలల పిల్లలు కోతకు పోతున్నాయి. లెక్క వేసి చూడండి. ఆ వయసు పిల్ల పన్నెండు, పద్నాలుగు కిలోలు తూగుతుంది. తల, కాళ్ళు, తోలు, పేగులు పోగా మాంసం ఆరు కిలోలు కూడా కష్టమే. అదే పిల్లను ఏడాది నిండేదాకా ఉంచితే పాతిక కిలోలకు వస్తుంది, మాంసం రెట్టింపవుతుంది. ఒక జీవంతో తీరే ఆకలికి రెండు జీవాలను చంపుతున్నాం. తల్లి ఐదు నెలలు మోసి, మన జాతుల్లో ఎక్కువగా ఒక్కటంటే ఒక్క పిల్లనే ఈనుతుంది. ఆ ఒక్కదాన్ని పాలు మరవకముందే లాక్కుని ఇది రుచి అంటున్నాం. అసలు రుచి ఎక్కడుంది అందులో? మేసిన మేత కండకు పట్టి, కొవ్వు సన్నగా పొరలు కట్టిన రెండు పండ్ల పొట్టేలు మాంసాన్ని కట్టెల పొయ్యి మీద గంట సేపు ఉడికించి తిన్నవాళ్ళకు ఈ లేతముక్క నీళ్ళ కూరలా తగులుతుంది.

కొవ్వంతా తీసేయమనడం రెండో వింత. బోన్‌లెస్ మూడోది. తలకాయ వద్దు, కాళ్ళు వద్దు, బోటి చూస్తే ముక్కు మూసుకోవడం, నల్ల పేరెత్తితే లేచిపోవడం. జీవాన్ని చంపాక దానిలో సగం పారేయడం కన్నా పెద్ద అపచారం నాకు తెలియదు. ఒకప్పుడు తోలు ధరతోనే కోసేవాడి కూలి గిట్టేది. ఇప్పుడు ఆ తోలునూ అడిగేవాడు లేడు. అన్నీ పోయి చివరికి మెత్తని కండ ఒక్కటే మొత్తం ఖరీదును మోయాల్సి వచ్చింది. మటన్ ధర ఆకాశంలో ఉందని అంగలార్చేవాళ్ళు దీన్ని ఆలోచించాలి. అంత ధర పెరిగినా కాపరికి దక్కేది మాత్రం గొర్రెతోక బెత్తెడే. సంతలో దళారి కంటితో చూసి ఇంత అంటాడు, కాపరి తల ఊపుతాడు. తూకం ఉండదు. బతికున్న జీవాన్ని తూచి కిలో లెక్కన కొనాలని ఎన్నేళ్ళ నుంచో అందరూ అంటూనే ఉన్నారు, మా సంతలో మాత్రం కాంటా కనిపించదు.

మా మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. "తాతా, మటన్ తింటే భూమి వేడెక్కుతుంది" అన్నది ఒకరోజు. పిల్ల చెప్పింది అబద్ధం కాదు. నెమరువేసే జంతువు కడుపులో మీథేన్ పుడుతుంది, త్రేన్పులతో బయటికి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. నేను తనకు చెప్పింది ఒక్కటే. నీళ్ళు నిలబెట్టిన వరిమడిలో కూడా మీథేన్ పుడుతుందమ్మా, అందుకని అన్నం మానేద్దామని ఎవరూ అనరు, ఎలా పండించాలో ఆలోచిస్తారు. గొర్రెనూ అలాగే చూడాలి. మోళ్ళు, బీడుగడ్డి తిని, నడిచి, చెలకకు ఎరువిచ్చి, యూరియా బస్తాలు తగ్గించే గొర్రె ఒకటి. షెడ్డులో కట్టేసి, బోరునీళ్ళతో పెంచిన నేపియర్ గడ్డీ, మొక్కజొన్న దాణా పెట్టి మేపిన గొర్రె ఇంకొకటి. సముద్రం దాటి గడ్డకట్టి వచ్చినది మరొకటి. 2022 డిసెంబరు 29న ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అక్కడి గొర్రె మాంసం మీద ఉన్న 30 శాతం సుంకం ఎత్తేశారు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి మంచిదనీ చెడ్డదనీ అనేస్తే మన చెలకల్లో నడిచే మందకు అన్యాయం జరుగుతుంది. ఆ పిల్ల ఆ రోజు నుంచి నన్ను ప్రశ్నలతో వదలడం లేదు. అడగాల్సింది అలాగే.

షెడ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. జాతీయ పశుసంపద మిషన్ కింద 500 గొర్రెలు, 25 పొట్టేళ్ళతో ఫారం పెడితే ఖర్చులో సగం, 50 లక్షల దాకా రాయితీ ఇస్తున్నారు. చదువుకున్న పిల్లలు ముందుకొస్తున్నారు, వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకుంటాను. కానీ వీడియోలు చూసి ఎత్తు అరుగుల షెడ్లు కట్టి, సంతలో నాలుగు చోట్ల నుంచి పిల్లలను పోగేసి ఒక్కచోట కుక్కితే, ఒకదాని రోగం అన్నిటికీ అంటుకుని నెల తిరక్కముందే సగం పోతున్నాయి. మందలో పుట్టి పెరిగిన కాపరిని నెల జీతమిచ్చి పక్కన పెట్టుకున్నవాళ్ళ ఫారాలు నిలబడ్డాయి. జీవం చెవి వాలిన తీరు చూసి ఆయన రోగం పసిగడతాడు. ఆ చదువు ఏ వీడియోలోనూ దొరకదు.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని నేననను. బొబ్బరోగం వస్తే మందకు మంద తుడిచిపెట్టుకుపోయేది. వాన పడిన వారానికి లేత గడ్డి ఆత్రంగా మేసి చిటుకరోగంతో బలిసిన పిల్లలే ముందు పడిపోయేవి. కాపరి వాటి పక్కన కూర్చుని ఏడవడం చూశాను. ఇప్పుడు టీకాలున్నాయి, నట్టల మందు ఊరికి వచ్చి తాగిస్తున్నారు, 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. 1987లో తమిళనాడులో మొదట బయటపడి దేశమంతా పాకిన పారుడు వ్యాధిని కూడా 2030 నాటికి ప్రపంచం నుంచే తుడిచేయాలని పూనుకున్నారు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థవాళ్ళు సుందర్‌బన్స్ గరోల్ గొర్రెల్లోని కవలల లక్షణాన్ని దక్కనిలోకి తెచ్చి నారీ సువర్ణ అనే రకాన్ని తయారుచేశారు. ఇక్కడే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, చిన్న ముక్క ఇస్తే డీఎన్‌ఏ పరీక్ష చేసి ఏ జంతువు మాంసమో తేల్చిచెబుతారు. ఇంత శాస్త్రం చేతిలో ఉన్న కాలం మాకు దొరకలేదు. దొరికిన కాలంలో మేతభూమి పోగొట్టుకున్నందుకే ఇంత బాధ.

డాక్టర్లు ఎర్రమాంసం తగ్గించమంటున్నారు. తగ్గించండి. మేం తిన్నది దసరాకు, బోనాలకు, జాతరకు, పెండ్లికి, అల్లుడొచ్చిన పూట. ప్రతి ఆదివారం కిలో తెచ్చుకుని నాలుగు నెలల పిల్లను తినేకంటే, నెలకొకసారి ఎదిగిన పొట్టేలు మాంసం తెచ్చుకుని, బొక్కలతో చారు కాచుకుని, తలకాయ, కాళ్ళు కూడా వండుకుంటే ఒంటికీ మంచిది, ఖర్చూ తగ్గుతుంది, కాపరికీ నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. కొట్టువాణ్ణి ఏ ఊరి యాట అని అడగండి. దక్కనిదా, నెల్లూరుదా అని అడగండి. పళ్ళు చూపించమనండి. పోతు మాంసమని నమ్మించడానికి విత్తులు వేలాడదీసి చూపించేవాడు పళ్ళు చూపించలేడా?

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ళ, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. పండుగ ఎక్కడైనా చేసుకోండి, పని మాత్రం ఊళ్ళో ఉంది. మా ఊరి గైరాన్ సర్వే నంబరు కాగితాల్లో ఇప్పటికీ మేతభూమిగానే ఉంది. నేల మీద చూస్తే ఒకవైపు వెంచరు రాళ్ళు, ఇంకోవైపు ఎవరిదో ముళ్ళతీగ. దాన్ని కొలిపించి హద్దులు పెట్టించమని కాపరుల సంఘం గ్రామసభలో అర్జీ పెట్టింది, నేనూ సంతకం చేశాను. తీర్మానం కావాలంటే సభకు ఊరి ఓటర్లు రావాలి. మా వాళ్ళలో చాలామంది ఓటు ఊళ్ళో ఉంది, కాపురం పట్నంలో ఉంది. దసరాకు వస్తారు, మటన్ తింటారు, పోతారు. ఈసారి గ్రామసభ రోజున కూడా రమ్మని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. మీ ఊరిలోనూ అలాంటి నంబరు ఒకటి ఉంటుంది, పాత పహాణీ తీయించి చూడండి.